అజీర్తి బాధకు ఎండోస్కోపీ: ఎవరికి, ఎప్పుడు, ఎలా

రొమ్ము ఎముకకూ బొడ్డుకూ మధ్య నొప్పి గానీ మంట గానీ పదే పదే రావడం, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయి ఇక తినలేకపోవడం, భోజనం చేసి గంటలు గడిచినా పొట్ట బిగదీసినట్లే ఉండడం: వీటిలో ఏ ఒక్కటి వారాల తరబడి వేధిస్తున్నా వైద్యులు దానిని అజీర్తిగానే పరిగణిస్తారు. ప్రపంచంలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ బాధ ఉంటుందని అంచనా. ఇంత సాధారణమైన బాధ కావడం వల్లనే దాని విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు గ్యాస్ మాత్రలు మింగుతూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు, మరికొందరు మొదటి వారంలోనే గొట్టం వేసి చూడమని వైద్యుని దగ్గర పట్టుబడతారు. మొదటి వర్గంలో కొందరికి పరీక్ష ప్రమాదకరంగా ఆలస్యమవుతుంది, రెండో వర్గంలో ఎక్కువమందికి పరీక్ష చేసినా చికిత్స ఏమీ మారదు.

ఎండోస్కోపీ, అంటే కొసన కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి కడుపు లోపల చూడడం, ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు సమాధానం వెతికే పరీక్ష. లోపల పుండు ఉందా, అన్నవాహిక ఒరిసిపోయిందా, గడ్డ ఏదైనా పెరుగుతోందా అనే ప్రశ్న ముందుగా స్పష్టమైతే పరీక్ష విలువైనదవుతుంది. ప్రశ్న లేకుండా చేయించుకుంటే చేతికొచ్చిన రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలో తెలియక రోగి మరింత గందరగోళంలో పడతాడు. కింద చెప్పిన మెట్లు ఆ ప్రశ్నను తేల్చుకోవడం నుంచి రిపోర్టు చదవడం వరకు మీకు తోడ్పడతాయి. ఇవి వైద్యునితో మాట్లాడడానికి సిద్ధం కావడానికే తప్ప, వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కావు.

మొదటి మెట్టు: బాధ జీర్ణాశయానిదేనా అని చూసుకోండి

పొట్ట పైభాగంలో వచ్చే ప్రతి నొప్పీ అజీర్తి కాదు. అన్నిటికన్నా ముందు గుండెను గుర్తుంచుకోవాలి. మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో వచ్చి, ఆగి నిలబడితే తగ్గే నొప్పి గానీ, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే బిగింపుతో పాటు వచ్చే మంట గానీ గుండెకు సంబంధించినది కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో, స్త్రీలలో గుండెపోటు అచ్చం అజీర్తిలాగే మొదలయ్యే సందర్భాలు ఉన్నాయి. ఇటువంటి నొప్పి వస్తే ఎండోస్కోపీ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

కుడి పక్కటెముకల కింద గానీ పొట్ట నడుమ గానీ గట్టిగా పట్టేసి, అరగంట నుంచి కొన్ని గంటలు వదలకుండా ఉండి, కుడి భుజం వెనక్కి పాకే నొప్పి పిత్తాశయంలోని రాళ్ల వల్ల కావచ్చు. వాటిని ఎండోస్కోపీ చూపించదు, అల్ట్రాసౌండ్ స్కాన్ చూపిస్తుంది. వెన్నులోకి దూసుకుపోతూ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపినిచ్చే నొప్పి క్లోమగ్రంథిది కావచ్చు, దానికి రక్తపరీక్ష, స్కాన్ అవసరమవుతాయి. ఈ రెండు సందర్భాలలో ఎండోస్కోపీ "అంతా బాగుంది" అని చెప్పడం నిజమే అయినా, అసలు జబ్బు మాత్రం దొరకకుండా మిగిలిపోతుంది.

తర్వాత మీరు వేసుకుంటున్న మందులన్నిటినీ ఒక కాగితం మీద రాయండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, ఐరన్ మాత్రలు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్, కొన్ని యాంటీబయాటిక్‌లు కడుపులో మంటనూ వికారాన్నీ తెచ్చిపెట్టగలవు. ముఖ్యంగా నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ జీర్ణాశయంలో పుండ్లు పడడానికి పెద్ద కారణాలు. మోకాళ్ల నొప్పికో తలనొప్పికో దుకాణంలో కొనుక్కుని వేసుకునే మాత్రలను చాలామంది మందుల లెక్కలోనే వేయరు, కానీ వైద్యునికి అన్నిటికన్నా ముందు తెలియవలసినవి అవే. గుండె కోసం వైద్యులు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఒక వారం పాటు నొప్పి ఎప్పుడు వచ్చింది, భోజనానికి ముందా తర్వాతా, రాత్రి నిద్రలో లేపిందా, ఏం చేస్తే తగ్గింది అన్నది క్లుప్తంగా రాసుకోవడం కూడా మంచిది. ఛాతీ ఎముక వెనక మంట, పుల్లటి త్రేన్పులే ప్రధానమైతే ఆమ్లం పైకి ఎగదన్నడం అసలు సమస్య కావచ్చు, దాని చికిత్స కొంత వేరుగా ఉంటుంది.

రెండో మెట్టు: ప్రమాద సంకేతాలను నిజాయితీగా వెతకండి

ఈ మెట్టును హడావిడిగా దాటవద్దు. కింద చెప్పిన వాటిలో ఏదైనా ఉంటే ఎండోస్కోపీని వాయిదా వేయకుండా వైద్యుని కలవాలి.

మింగడం కష్టమవడం వీటిలో మొదటిది. ముందు గట్టి పదార్థాలు ఛాతీలో అడ్డుపడినట్లు అనిపించి, కొన్ని వారాలకో నెలలకో మెత్తనివి, ఆపై ద్రవాలు కూడా దిగడం కష్టమవుతుంటే అన్నవాహిక లోపల ఏదో ఇరుకు చేస్తోందని అర్థం. ఈ లక్షణం ఏ వయసులో కనిపించినా త్వరగా ఎండోస్కోపీ చేయించుకోవాలి. చాలామంది దీనిని గమనించకుండానే సర్దుకుపోతారు: ముద్ద చిన్నదవుతుంది, ప్రతి ముద్దకూ నీళ్లు తాగడం అలవాటవుతుంది, గట్టి పదార్థాలు వాటంతటవే భోజనంలోంచి తప్పుకుంటాయి. ఇంట్లో పెద్దవారి భోజనం ఇలా మారుతోందని గమనిస్తే వారు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.

రక్తస్రావం రెండోది. వాంతిలో ఎర్రని రక్తం గానీ, తడిసిన కాఫీ పొడిలాంటి నల్లని పదార్థం గానీ కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. మలం తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ లేనంత దుర్వాసనతో రావడం జీర్ణనాళం పైభాగంలో రక్తం కారుతున్నదని చెప్పే గుర్తు. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు కూడా మలాన్ని నల్లబరుస్తాయి, కాకపోతే అప్పుడు ఆ జిగట, ఆ వాసన సాధారణంగా ఉండవు. అనుమానం తీరకపోతే వైద్యునికే చూపించుకోవడం క్షేమం.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం మూడోది. ఆరు నెలల నుంచి సంవత్సరం లోపు శరీర బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, దానిని తీవ్రంగానే తీసుకోవాలి. పాత బరువు గుర్తులేకపోతే బట్టలు వదులవడం, బెల్టు మరో రంధ్రానికి జరగడం వంటివి కూడా సాక్ష్యాలే.

ఆగకుండా వాంతులు కావడం, రక్తపరీక్షలో ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత బయటపడడం, పొట్ట పైభాగంలో చేతికి గడ్డ తగలడం, కామెర్లు, తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ జీర్ణాశయ క్యాన్సర్ లేదా అన్నవాహిక క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉండడం కూడా ఈ కోవలోకే వస్తాయి. పురుషులలోనూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలలోనూ ఇనుము లోపం కనిపించిందంటే రక్తం లోలోపల కారిపోతున్నదేమో వెతకడం తప్పనిసరి. ఐరన్ మాత్రలతో రక్తం పెరిగింది కదా అని అక్కడితో ఆగిపోకూడదు.

ఇక్కడ ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు. ఈ సంకేతాలు ఉన్నవారిలో కూడా అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. కానీ ఉన్న కొద్దిమందిని తొలిదశలోనే పట్టుకోవడానికి మనకున్న మంచి మార్గం ఇదే, అందుకే వాయిదా వద్దని ఇంతగా చెప్పడం.

మూడో మెట్టు: మీ వయసును లెక్కలోకి తీసుకోండి

వయసు పెరిగే కొద్దీ కడుపులో గట్టి జబ్బు ఉండే అవకాశం పెరుగుతుంది. అమెరికా, కెనడా జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2017లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు 60 ఏళ్లు, ఆ పైబడినవారికి అజీర్తి వస్తే ఎండోస్కోపీ చేయమని సూచించాయి. బ్రిటన్‌లో 55 ఏళ్లు దాటి, బరువు తగ్గుతూ, దానితో పాటు అజీర్తి గానీ పై పొట్ట నొప్పి గానీ ఉన్నవారికి త్వరగా చేస్తారు. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి ఏ లక్షణమూ లేకపోయినా రెండేళ్లకోసారి జీర్ణాశయ క్యాన్సర్ పరీక్ష చేసే జాతీయ కార్యక్రమమే ఉంది. కాబట్టి ఒక సంఖ్యను పట్టుకుని కూర్చోకుండా, మీ ప్రాంతంలో, మీ కుటుంబంలో ఈ జబ్బు ఎంతగా ఉందో వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోండి. ఎన్నడూ కడుపు బాధ ఎరగని మనిషికి పెద్ద వయసులో కొత్తగా అజీర్తి మొదలవడం, ఇరవై ఏళ్ల నుంచి అప్పుడప్పుడూ వస్తున్న బాధతో సమానం కాదు.

నాలుగో మెట్టు: సంకేతాలు లేకపోతే ముందు తేలికైన పరీక్ష చేయించండి

వయసు తక్కువై, ప్రమాద సంకేతాలేవీ లేకపోతే, మొదట చేయవలసింది హెలికోబాక్టర్ పైలోరై అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దీనిని వేరుచేసి పెంచగలిగారు. అప్పటిదాకా పుండ్లకు ఆందోళన, ఆమ్లం మాత్రమే కారణమని నమ్మిన వైద్యలోకాన్ని ఒప్పించడానికి మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాక్టీరియా జీర్ణాశయంలోనూ, ఆంత్రమూలంలోనూ (చిన్నపేగు మొదటి భాగం) పడే పుండ్లకు ప్రధాన కారణమే కాక, జీర్ణాశయ క్యాన్సర్‌కు కూడా దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది.

దీనిని గుర్తించడానికి గొట్టం అక్కరలేదు. శ్వాస పరీక్షలో గుర్తు వేసిన కార్బన్ ఉన్న యూరియాను తాగిస్తారు. బ్యాక్టీరియా ఉంటే అది యూరియాను విడగొడుతుంది, అప్పుడు వెలువడే వాయువు రక్తంలో కలిసి ఊపిరి ద్వారా బయటికి వస్తుంది, దానిని ఒక సంచిలోకి ఊది కొలుస్తారు. మల పరీక్ష కూడా అంతే నమ్మదగినది. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష మాత్రం ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కూ ఇప్పుడున్నదానికీ తేడా చెప్పలేదు గనుక దాని మీద ఆధారపడకపోవడమే మంచిది. శ్వాస, మల పరీక్షలకు ముందు ఓమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మందులు రెండు వారాలు, యాంటీబయాటిక్‌లు, బిస్మత్ నాలుగు వారాలు ఆపి ఉండాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని ఫలితం రావచ్చు.

ఉన్నట్లు తేలితే సాధారణంగా 14 రోజుల పాటు రెండు మూడు మందులతో పాటు ఆమ్లం తగ్గించే మందు ఇస్తారు. నోరు చేదుగా ఉన్నా, కడుపు కాస్త కలత పెట్టినా వైద్యుని అడగకుండా మధ్యలో ఆపకండి. సగం కోర్సు వాడితే బ్యాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు పూర్తయిన కనీసం నాలుగు వారాల తర్వాత, పైన చెప్పిన రెండు వారాల విరామం పాటించి, మళ్లీ పరీక్ష చేయించుకుని అది పోయిందని నిర్ధారించుకోండి. ఈ చివరి పరీక్షను చాలామంది వదిలేస్తారు, అది నిజంగా నష్టం.

బ్యాక్టీరియా లేకపోతే, లేదా అది పోయాక కూడా బాధ తగ్గకపోతే, ఆమ్లం తగ్గించే మందును రోజుకొకసారి, ఉదయం తినడానికి అరగంట ముందు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడమంటారు. బాధ వచ్చినప్పుడు మాత్రమే వేసుకుంటే దాని అసలు ప్రయోజనం తెలియదు. ఈ దశలోనే గణనీయమైన సంఖ్యలో రోగులు కోలుకుంటారు, వారికి ఎండోస్కోపీ అవసరమే రాదు.

ఐదో మెట్టు: పరీక్ష ఏం చూడగలదో, ఏం చూడలేదో తెలుసుకోండి

వంగే గాజు తంతువులతో జీర్ణాశయం లోపలికి చూసే పరికరాన్ని బాసిల్ హిర్షోవిట్జ్ 1957లో అమెరికాలోని మిషిగన్‌లో రూపొందించారు. నేటి గొట్టం దాదాపు ఒక సెంటీమీటరు లావు, మీటరు పొడవు ఉంటుంది; దాని కొసన ఉన్న చిన్న కెమెరా అన్నవాహికను, జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలాన్ని తెర మీద పెద్దదిగా చూపిస్తుంది. పుండ్లు, ఒరుపులు, ఇరుకులు, గడ్డలు, రక్తం కారే చోట్లు కంటికి కనిపిస్తాయి. అంతేకాక, చూసిన చోటి నుంచే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు, దానినే బయాప్సీ అంటారు. ఎక్స్‌రేకూ స్కాన్‌కూ లేని శక్తి ఇది.

అయితే అజీర్తితో ఎండోస్కోపీ చేయించుకున్న ప్రతి పదిమందిలో ఏడెనిమిది మందికి బాధను వివరించగల మార్పేదీ కనిపించదు. మిగిలినవారిలో ఎక్కువగా కనిపించేది ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరిసిపోవడం, ఆ తర్వాతి స్థానం పుండ్లది. క్యాన్సర్ నూటికి ఒకరి కన్నా తక్కువమందిలో కనిపిస్తుంది. ఏమీ కనిపించనివారి బాధ అబద్ధమని దీని అర్థం కాదు. జీర్ణాశయం భోజనానికి తగినట్లు సాగకపోవడం, ఆహారాన్ని నెమ్మదిగా కిందికి పంపడం, మామూలు కదలికనే నరాలు నొప్పిగా గ్రహించడం వంటివి కెమెరాకు చిక్కవు. ఎండోస్కోపీ గోడ ఎలా ఉందో చెబుతుంది, ఆ గోడ ఎలా పనిచేస్తోందో చెప్పదు.

ఆరో మెట్టు: తేదీ ఖాయమైతే ముందుగా సిద్ధం కండి

పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ఆమ్లం తగ్గించే మందులు ఆపాలా అని స్పష్టంగా అడగండి. ఆ మందులు పుండ్లను పైపైన మాన్పి, కొన్నిసార్లు తొలిదశ క్యాన్సర్‌ను కూడా మరుగుపరచగలవు, బ్యాక్టీరియా పరీక్షను కూడా తారుమారు చేయగలవు. అయితే ఇటీవల పుండు నుంచి రక్తం కారినవారు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు తమంతట తాము ఆపకూడదు. బాధ భరించలేకపోతే ఆ రెండు వారాల్లో వాడుకోదగిన మామూలు యాంటాసిడ్ ద్రావకం ఏదో వైద్యుణ్ణే అడగండి.

రక్తం పలచబరిచే మందులు, గుండెలో స్టెంట్ ఉన్నవారి మందులు, మధుమేహం మాత్రలు, ఇన్సులిన్, బరువు తగ్గడానికి వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్లు: వీటి గురించి కనీసం వారం ముందే చెప్పాలి. రోగనిర్ధారణ కోసం చేసే మామూలు ఎండోస్కోపీకి, బయాప్సీ తీసినా సరే, రక్తం పలచబరిచే మందులను చాలా సందర్భాలలో పూర్తిగా ఆపనక్కరలేదు. కొన్నింటిలో పరీక్ష ఉదయం మోతాదు ఒక్కటే మానమంటారు. ఇన్సులిన్ మాత్రం పరగడుపున ఉండాల్సిన సమయానికి తగ్గట్టు సవరించుకోకపోతే చక్కెర పడిపోతుంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి గనుక పరగడుపున ఉన్నా లోపల ఆహారం మిగిలి ఉండవచ్చు. గర్భం, ఆస్తమా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, ఇంతకుముందు మత్తుమందు పడకపోవడం, కదిలే పళ్లు కూడా చెప్పవలసినవే.

వైద్యుణ్ణి రెండు ప్రశ్నలు తప్పక అడగండి: ఈ పరీక్షతో మీరు ఏం వెతుకుతున్నారు? ఏమీ కనిపించకపోతే బయాప్సీ తీస్తారా, నా చికిత్స ఎలా మారుతుంది? వీటికి తృప్తికరమైన సమాధానం వస్తే మీరు సరైన కారణానికే పరీక్ష చేయించుకుంటున్నట్లు.

ఏడో మెట్టు: పరీక్ష రోజు

ఘనాహారం కనీసం ఆరు గంటల ముందే ఆపాలి, కొన్ని చోట్ల ఎనిమిది గంటలంటారు. మంచినీళ్ల వంటి పారదర్శకమైన ద్రవాలు రెండు గంటల ముందు వరకు సాధారణంగా అనుమతిస్తారు. ఇది ఆచారంగా పెట్టిన నియమం కాదు. కడుపులో ఆహారం ఉంటే లోపలి గోడ సరిగా కనిపించకపోవడమే కాక, అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. మరచిపోయి ఏమైనా తింటే దాచకుండా చెప్పండి, పరీక్ష మరో రోజుకు మారినా ఫరవాలేదు.

గొంతును మొద్దుబార్చే స్ప్రే మాత్రమే కావాలా, నరంలో మత్తు ఇంజెక్షన్ కావాలా అన్నది చాలా చోట్ల మీరే ఎంచుకోవచ్చు. స్ప్రేతో చేయించుకుంటే ఒంటరిగా వెళ్లి ఒంటరిగా రావచ్చు, ఆ రోజే మామూలు పనులు చేసుకోవచ్చు. బాగా భయపడేవారికి, ఓకరింపు ఎక్కువగా ఉన్నవారికి మత్తు మేలు, కానీ తోడు మనిషి తప్పనిసరి.

ఎడమ పక్కకు తిరిగి పడుకోబెడతారు. కట్టుడు పళ్లు, కళ్లద్దాలు తీసేయాలి. పళ్ల మధ్య ప్లాస్టిక్ కవచం పెట్టి, దానిలోంచి గొట్టాన్ని నాలుక వెనక్కి పంపి, ఒక్కసారి మింగమంటారు. అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది ఆ ఒక్క క్షణమే. అప్పుడు ఓకరింపు రావడం సహజం, సిగ్గుపడవలసినది ఏమీ లేదు. గొట్టం వెళ్లేది అన్నవాహికలోకి గనుక ఊపిరికి అడ్డు రాదు. ఆ సంగతి గుర్తుంచుకుని ముక్కుతో నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీస్తూ ఉండండి. నోట్లో ఊరే లాలాజలాన్ని మింగే ప్రయత్నం చేయకుండా బయటికి కారనివ్వండి, నర్సు పీల్చేస్తారు. భుజాలు వదులుగా ఉంచి, చూపును గదిలో ఏదో ఒక చోట నిలపండి. లోపలి ముడతలు విచ్చుకోవడానికి గాలి నింపుతారు కాబట్టి పొట్ట ఉబ్బినట్లుంటుంది. త్రేన్పు వస్తే రానివ్వవచ్చు, కాకపోతే గాలి కాసేపు లోపల ఉంటేనే ముడతల మధ్య దాగిన చోట్లు కనిపిస్తాయి. బయాప్సీ తీస్తున్నప్పుడు నొప్పి తెలియదు, ఎందుకంటే ఆ పొరకు గిల్లిన నొప్పిని గ్రహించే శక్తి లేదు.

శ్రద్ధగా చేసే తొలి పరీక్షకు లోపలే కనీసం ఏడు నిమిషాలు గడపాలని ఐరోపా ప్రమాణాలు చెబుతాయి. త్వరగా ముగిస్తే బాగుండునని రోగికి అనిపించడం సహజమే గానీ, నెమ్మదిగా చూసే వైద్యుడే మీకు మేలు చేస్తున్నాడు.

ఎనిమిదో మెట్టు: పరీక్ష తర్వాత

గొంతు మొద్దు వదిలేదాకా, అంటే దాదాపు గంట సేపు, ఏమీ తినకూడదు, తాగకూడదు. ముందు ఒక గుక్క నీళ్లు తాగి, పొలమారకుండా దిగితేనే తినండి. మత్తు తీసుకుంటే 24 గంటల పాటు వాహనం నడపడం, యంత్రాల దగ్గర పనిచేయడం, మద్యం తాగడం, ముఖ్యమైన పత్రాల మీద సంతకాలు చేయడం మానాలి. తెలివిగా మాట్లాడుతున్నట్లే ఉన్నా అప్పుడు విన్నది గుర్తుండదు, కాబట్టి వైద్యుడు చెప్పే మాటలను తోడు వచ్చినవారు విని రాసుకోవాలి.

గొంతు గరగర, కడుపు ఉబ్బరం ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అన్నవాహిక, జీర్ణాశయం వంటి వాటి గోడకు చిల్లు పడడం వేలమందిలో ఒకరికి కూడా అరుదుగా జరిగే ప్రమాదం. అయినా ఛాతీలో గానీ పొట్టలో గానీ నొప్పి పెరుగుతూ పోవడం, మెడ వాచడం, జ్వరం, ఆయాసం, నల్లని మలం, రక్తపు వాంతి కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

తొమ్మిదో మెట్టు: రిపోర్టును సరిగా చదవండి

రిపోర్టులలో అతి తరచుగా కనిపించే మాట "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్", అంటే జీర్ణాశయం కింది భాగం కాస్త ఎర్రగా ఉందని. దానిని చూసి చాలామంది తమ జబ్బుకు పేరు దొరికిందని నమ్ముతారు. నిజానికి ఏ బాధా లేనివారిలో కూడా ఈ ఎరుపు కనిపిస్తుంది, దానికీ లక్షణాల తీవ్రతకూ పెద్దగా సంబంధం ఉండదు. ఆ మాటకన్నా బయాప్సీలో బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది ఎంతో ముఖ్యం. చిన్న హయాటస్ హెర్నియా, అంటే జీర్ణాశయం పైభాగం కాస్త ఛాతీలోకి జారడం, కూడా అలాంటిదే. ఎందరికో ఉంటుంది, ఒక్కటే అజీర్తికి కారణమని చెప్పలేము.

అన్నవాహిక ఒరుపును ఎ, బి, సి, డి అనే నాలుగు గ్రేడులుగా రాస్తారు. ఎ చాలా స్వల్పం, సి, డి తీవ్రం. తీవ్రమైన ఒరుపులో ఎనిమిది వారాల చికిత్స తర్వాత మళ్లీ చూడడం మామూలు. ఆంత్రమూలంలో పుండు ఉంటే అది క్యాన్సర్ కావడం అత్యంత అరుదు. బ్యాక్టీరియాను తొలగించి, నొప్పి మాత్రలు మానితే చాలావరకు మానిపోతుంది. జీర్ణాశయంలో పుండు విషయం వేరు. పైకి మామూలు పుండులా కనిపించినది క్యాన్సర్ కావచ్చు గనుక దాని అంచుల నుంచి బయాప్సీలు తీయాలి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మరోసారి ఎండోస్కోపీ చేసి పూర్తిగా మానిందని చూడాలి. నొప్పి తగ్గింది కదా అని ఈ రెండో పరీక్షను ఎగ్గొట్టవద్దు. బయాప్సీ ఫలితం కొన్ని రోజుల తర్వాత వస్తుంది. ఏ రోజున, ఎవరి దగ్గర తీసుకోవాలో ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే అడిగి రాసుకోండి.

పదో మెట్టు: ఏమీ లేదని వస్తే

రిపోర్టు సాధారణంగా ఉండి బాధ కొనసాగుతుంటే దానిని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. ఇది గుర్తింపు పొందిన జబ్బు, దానికి చికిత్స ఉంది. ఆమ్లం తగ్గించే మందు పనిచేయకపోతే, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ వంటి మందులు జీర్ణాశయ నరాల అతిస్పందనను తగ్గిస్తాయి. ఇవి దిగులుకు కూడా వాడే మందులే కాబట్టి "నాకు మనసు జబ్బు అంటున్నారా" అని కొందరు నొచ్చుకుంటారు. ఇక్కడ అవి ఇచ్చేది కడుపు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గించడానికి. జీర్ణాశయ కదలికను పెంచే మందులు, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తినడం, కొవ్వు తగ్గించడం, పొగ మానడం, క్రమం తప్పని నడక, ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి మానసిక చికిత్స కూడా తోడ్పడతాయి.

ఒకసారి శ్రద్ధగా చేసిన పరీక్ష సాధారణంగా ఉంటే, అదే బాధకు ఏడాదికోసారి మళ్లీ గొట్టం వేయించుకోవడం వల్ల కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. రెండో మెట్టులో చెప్పిన సంకేతాలలో ఏదైనా కొత్తగా తలెత్తినప్పుడు మాత్రం "మొన్ననే చేయించాను కదా" అని ఆగకుండా వైద్యుణ్ణి కలవండి. అప్పుడు పాత రిపోర్టును, ఫొటోలను, బయాప్సీ కాగితాన్ని వెంట తీసుకెళ్లండి. పోయినసారి ఏ భాగం ఎలా ఉందో, ఎక్కడి నుంచి ముక్కలు తీశారో చూసుకోకుండా కొత్త వైద్యుడు మార్పును గుర్తించలేడు.